గిట్టుబాటు కాని గడియారం

పాడైపోయిన పాత జేబు గడియారాన్ని బాగుచేయించడం దండగ అని వాదించేవాళ్లకి ఒక సౌకర్యం ఉంది. లెక్క ఎప్పుడూ వాళ్ల పక్షానే ఉంటుంది. బాగుచెయ్యడానికి ఇంత, బాగయ్యాక అమ్మితే వచ్చేది ఇంత, తేడా ఇంత, కాబట్టి పారెయ్. మూడో తరగతి తీసివేత. ఇందులో తప్పు పట్టుకోవడం కష్టం, ఎందుకంటే తీసివేతలో తప్పేమీ లేదు. తప్పల్లా ఆ తీసివేతని తీసుకొచ్చి గడియారం ముందు పెట్టడంలో ఉంది. నా తగువు ఆ లెక్కతో. ఆ లెక్కకి ఎదురు నిలిచామనుకుంటూ ఇంకో రకంగా గడియారాల్ని పాడుచేస్తున్న భక్తజనంతో కూడా కొంత తగువుంది. వాళ్ల సంగతి తరవాత.

నేను పురాతన వస్తువుల వ్యాపారిని కాను. గడియారాలు పోగేసే పిచ్చి కూడా లేదు. ఆక్లండ్‌కి దక్షిణాన పాపటోయిటోయిలో కాపురం, కంప్యూటర్ కన్సల్టెంటు ఉద్యోగం. పాత సాఫ్టువేరుని పట్టుకు వేళ్లాడుతున్న కంపెనీలకి వెళ్లి, దాన్ని ఇంకా మొయ్యాలా, పారేసి కొత్తది రాయించుకోవాలా అన్నది తేల్చి చెప్పడం నా పని. అంచేత పాతదాన్ని పారెయ్యమనడానికి నాకేమీ మొహమాటం లేదు. జీతమిచ్చేదే అందుకు. కానీ ఆ పనిలో ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది: "దీన్ని ఇప్పుడు అమ్మితే ఎంతొస్తుంది?" పాతికేళ్ల నాటి జీతాల లెక్కల ప్రోగ్రాముని బజార్లో పెడితే కొనేవాడెవడు? అక్కడ అడిగే ప్రశ్నలు వేరు. ఇది ఏ పని చేస్తోంది? లోపల చెడింది ఏమిటి? చెడ్డది దొరుకుతుందా? రేపట్నించి దీన్ని చూసుకునే మనిషి ఉన్నాడా? కోట్ల రూపాయల యంత్రాంగాన్ని ఈ నాలుగు ప్రశ్నలతో తేల్చే మనం, తాతగారి గడియారం దగ్గరికొచ్చేసరికి పాతసామాన్లవాడి ప్రశ్న ఒక్కటే ఎందుకు అడుగుతాం?

నా చేతికొచ్చిన కేసు చెప్తాను. మా తాతగారు ఎం.ఎస్.ఎం. రైల్వేలో గార్డు. అంటే మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే. 1951లో దాన్ని సదరన్ రైల్వేలో కలిపేశారు. ఆయన బెజవాడలో ఉండేవారు. 1936లో డబ్బు కూడబెట్టి వెస్ట్ ఎండ్ కంపెనీ జేబు గడియారం ఒకటి కొనుక్కున్నారు. పేరు చూసి లండన్ సరుకనుకునేరు. స్విట్జర్లాండులో తయారై మన బొంబాయి, కలకత్తా షాపుల్లో అమ్ముడుపోవడం కోసం 1886లో పెట్టిన పేరది. రైలు ఉద్యోగుల జేబుల్లో, సిపాయిల చేతులకి కనిపించిన వాచీ. తాతగారిది వెండిది కాదు, నికెల్ డొప్ప. 15 జూయల్స్. తెల్లటి ఎనామెల్ డయలు. గార్డు జెండా ఊపేది దాని ముల్లు చూసుకునే. తంతి మీద వచ్చే టైముతో దాన్ని సరిచూసుకోవడం డ్యూటీలో భాగం. రిటైరవడానికి ముందు ఏడు అది ప్లాట్‌ఫారం మీద పడి ఆగిపోయింది. ఆ తరవాత బీరువాలోనే ఉండిపోయింది. గవర్నర్‌పేటలో ఇల్లు అమ్మినప్పుడు ఇత్తడి సామాను ఒకరు, రోజ్‌వుడ్ మంచం ఒకరు అడిగారు. గడియారాన్ని ఎవరూ అడగలేదు కనక నాకొచ్చింది.

దాన్ని ఇక్కడ మాలులో ఉన్న వాచీల కొట్టుకి తీసుకెళ్తే "మేం బ్యాటరీలు మాత్రమే మారుస్తామండీ" అన్నారు. చివరికి రిటైరైన వాచీమేకరు ఒకాయన దొరికాడు. కంటికి భూతద్దం బిగించుకుని, వెనక మూత తీసి, పావుగంటలో చెప్పేశాడు. బేలెన్సు చక్రం ఇరుసు విరిగింది. నూనె గడ్డకట్టింది. నిమిషాల ముల్లు లేదు, అద్దం లేదు, డయలు 4 అంకె దగ్గర పగిలింది. హెయిర్ స్ప్రింగు మాత్రం నిక్షేపంలా ఉంది. మొత్తం 680 డాలర్లు. ఇదే మోడలు నడిచేది అమ్మకానికి పెడితే 200 కూడా రాదని ఆయనే చెప్పాడు.

ఆ అంకె ఇంటి వాట్సాప్ గ్రూపులో పెట్టగానే బావగారు అందుకున్నారు: "ఏమోయ్ బామ్మర్దీ, మన డబ్బులో ముప్పై వేలు దాటుతుంది. అరకాసు పనికి ముప్పాతిక బాడుగ అంటే ఇదే." అన్నయ్య: "వెండైతే తూకానికైనా వచ్చేదిరా, నికెలు." మా అన్నయ్య కొడుకు ఇంకో అడుగు ముందుకేశాడు: "బాబాయ్, లోపలి మిషను తీసి పారేసి క్వార్ట్జ్ పెట్టించెయ్. వెయ్యి రూపాయల్లో అయిపోతుంది. బయటికి తాతగారిదే కదా!" అక్క మాత్రం ఏమీ అనలేదు.

ముందు బావగారి లెక్క చూద్దాం. ఆయన చేతిలో ఫోను లక్ష రూపాయలది. మూడేళ్లకోసారి మారుస్తారు. పెట్టె విప్పిన రోజునే దాని ధర పడిపోతుంది, మూడేళ్లకి చెప్పుకోడానికేమీ మిగలదు. గిట్టిందా అని ఆయన్ని ఎవరూ అడగరు. నేను మనిషికి 2,000 డాలర్లు పెట్టి హైదరాబాదుకి టిక్కెట్లు కొంటాను. తిరిగొచ్చాక ఆ బోర్డింగ్ పాసు ఎంతకి అమ్ముడుపోతుందని నన్నూ ఎవరూ అడగలేదు. పెళ్లి వీడియోకీ, గృహప్రవేశం భోజనాలకీ మళ్లీ అమ్మితే వచ్చే ధర ఉండదు. ఖర్చులన్నింటినీ ఖర్చులుగా ఒప్పుకుని, ఒక్క పాత వస్తువు బాగుచేత దగ్గర మాత్రం పెట్టుబడి అన్న పేరు పెట్టి లాభం అడుగుతాం. ఇది పొదుపు అనిపించుకోదు. చెయ్యడం ఇష్టం లేని పనికి వెతుక్కున్న సాకు.

పైగా ఆ 680కీ 200కీ మధ్య తేడా గడియారం విలువ గురించి ఏమీ చెప్పదు. చెప్పేది కూలి గురించి. గడియారం ఫ్యాక్టరీలో తయారైనప్పుడు చక్రాలు కోసే మిషను ఒకచోట, రాళ్లు పొదిగేవాళ్లు ఒకచోట, బిగించేవాళ్లు ఇంకోచోట. వేలకొద్దీ ఒకే అచ్చులో. బాగుచేసేటప్పుడు ఒకే మనిషి, ఒకే గడియారం, అన్ని పనులూ అతనివే. విరిగిన ఇరుసు కొన మందం మిల్లీమీటరులో సుమారు పదో వంతు. సరిపోయేది దొరక్కపోతే లేతు మీద కొత్తది తిప్పి చెయ్యాలి. ఆ గంటలకి ఆక్లండ్ కూలి కట్టాలి. తయారీ కూలి చవకైన చోటికి ఎగిరిపోతుంది, బాగుచేత మాత్రం మనమున్న ఊళ్లోనే జరగాలి. అందుకే కొత్తది ఎప్పుడూ చవగ్గానూ, బాగుచేత ఎప్పుడూ దుబారాగానూ కనిపిస్తుంది. ఈ సంగతి అర్థం చేసుకోడానికి మనకన్నా అర్హులెవరు? ఒక ఊళ్లో గంటకి వంద పుచ్చుకునే పనిని ఇంకో ఊళ్లో పదికి చేయించుకోవచ్చన్న తేడాలోంచే కదా మన ఉద్యోగాలూ, వీసాలూ, ఈ విదేశీ కాపురాలూ పుట్టాయి! ఆ తేడాని సంపాదనకి వాడుకున్నవాళ్లం, దాన్నే వస్తువు విలువ అని నమ్మితే మన కళ్లు మనమే కప్పుకున్నట్టు.

బాగుచేత ఖరీదవడం అంతా కాలమహిమ కూడా కాదు. కొంత కావాలని చేసినది. న్యూజిలాండ్‌లో 1993 నాటి వినియోగదారుల హామీల చట్టం ప్రకారం తయారీదారు విడిభాగాలూ, బాగుచేసే సౌకర్యమూ సమంజసమైన కాలం అందుబాటులో ఉంచాలి. మంచి మాటే. కానీ అవి ఉండవని కొనేటప్పుడే చెప్పేస్తే ఆ బాధ్యత తప్పుతుందని అదే చట్టంలో సందు ఉంది. గడియారాల లోకంలో పెద్ద స్విస్ సంస్థలు ఏళ్ల తరబడి విడిభాగాల్ని తమ సొంత సర్వీసు కేంద్రాలకే బిగించుకుంటూ వచ్చాయి. స్వాచ్ గ్రూప్ 2015 ఆఖరుకి బ్రిటన్‌లో టోకు వ్యాపారులకి విడిభాగాలు అమ్మడం ఆపేసింది. బయట కూర్చుని పనిచేసుకునేవాడికి సామాను దొరక్కుండా చేసి, ఆనక "బాగుచేయిస్తే గిట్టదండీ, కొత్తది తీసుకోండి" అని మనకి హితవు చెప్తారు. ఆ హితవునే మనం మన తెలివి అనుకుని ఇంట్లో వాళ్లకి అప్పజెప్తాం.

మన దగ్గరా ఇదే కథ, ఇంకో దారిలో. 1961లో బెంగుళూరులో జపాన్ సిటిజన్ కంపెనీ సాయంతో హెచ్.ఎం.టి. వాచీలు మొదలయ్యాయి. 1980లలో హైదరాబాద్ ఆల్విన్ వాళ్లు సీకో సహకారంతో వాచీలు చేశారు. ఆల్విన్ వాచీలు 1990లలోనే కనుమరుగయ్యాయి. హెచ్.ఎం.టి. వాచీల కంపెనీని మూసెయ్యాలని కేంద్రం 2016 జనవరిలో తేల్చేసింది. ఫ్యాక్టరీలతో పాటు, బస్టాండు పక్కన అద్దాల పెట్టె ముందేసుకుని కంటికి భూతద్దంతో కూర్చునే మనిషి కూడా ఊరూరా తగ్గిపోయాడు. కీ ఇచ్చే వాచీలు పోయి బ్యాటరీ వాచీలు వచ్చాక అతని దగ్గర మిగిలింది బ్యాటరీ మార్చే పని. "బాగుచేసేవాళ్లే లేరు" అంటూ నిట్టూర్చేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. మనం తీసుకెళ్లి ఇస్తేనే వాళ్లుంటారు. ఆ 680 డాలర్లలో కొంత గడియారానికి పోతే కొంత ఆ విద్య బతికుండడానికి పోతుంది.

బజారుకి ఒక్క విషయం బాగా తెలుసు. 2009 మార్చిలో న్యూయార్కులో గాంధీగారి జేబు గడియారం వేలానికొచ్చింది. జెనిత్ కంపెనీది. కళ్లజోడు, చెప్పులు, గిన్నె, పళ్లెంతో కలిపి విజయ్ మాల్యా 18 లక్షల డాలర్లకి పాడుకున్నాడు. ఆ ధర లోపలి చక్రాలకా? అలాంటి చక్రాలున్న గడియారాలు లోకంలో బోలెడున్నాయి. ఆ ధర దాన్ని ఎవరు పెట్టుకున్నారన్న దానికి. అంటే పెట్టుకున్న మనిషికి విలువ ఉంటుందని బజారు కూడా ఒప్పుకుంటుంది, కాకపోతే ఆ మనిషి పేరు అందరికీ తెలిసుండాలి. మీ తాతగారూ మా తాతగారూ గాంధీలు కారు. కాబట్టి వాళ్ల పేరుకి బజార్లో సున్నా. ఆ సున్నా పరాయివాడు వేసిన మార్కు. దాన్ని ఇంటికి తెచ్చి తాతగారి పేరు పక్కన మన చేత్తోనే రాసుకోమని ఎవరు చెప్పారు?

ఇంతవరకూ చదివి "భేష్, అయితే బీరువాలో ఉన్నవన్నీ తీసి తళతళా మెరిపించేస్తాం" అని లేచేవాళ్లుంటారు. కాస్త ఆగండి. రెండో తగువు మీతోనే.

బాగుచెయ్యడం వేరు, కొత్తగా కనిపించేట్టు చెయ్యడం వేరు. వాచీలు పోగేసేవాళ్ల మధ్య "బొంబాయి స్పెషల్" అన్న ఎగతాళి మాట ఉంది. పాత హెచ్.ఎం.టి., ఫావ్రే లూబా వాచీల డయళ్లు గీకేసి మళ్లీ రంగులేసి, నాలుగు వాచీల ముక్కలు కలిపి కొత్త పెళ్లికూతురిలా అమ్మే సరుకది. దాన్ని చూసి నవ్వే మనం ఇంట్లో వస్తువుకి అదే చేస్తాం. డొప్ప మీది గీతలన్నీ పాలిష్ పట్టిస్తాం, డయలు మార్పిస్తాం, బంగారు పూత వేయిస్తాం. వ్యాపారి కూడా ఇలాంటి గడియారానికి తక్కువ ధర కడతాడు, అది వేరే విషయం. అసలు నష్టం ఏమిటంటే, ఆ మనిషి వేళ్లు అరగదీసిన అంచుని మనం డబ్బిచ్చి చెరిపేశాం.

నేను పెట్టుకున్న సూత్రం ఒకటే. తిరిగేవాటిని బాగుచేయించు, కనిపించేవాటిని కదపకు. లోపల స్ప్రింగు మారిస్తే మోసమేమీ లేదు. పాతకాలపు ఉక్కు స్ప్రింగులు విరగడం మామూలే, తాతగారే తన కాలంలో రెండుసార్లు మార్పించి ఉంటారు. సైకిలుకి ట్యూబు మార్చినట్టు. కానీ 4 దగ్గర పగులు ఆయన చేతిలోంచి జారిన రోజుది. దాన్ని పూడ్పించడానికి ఆ వాచీమేకరు చెప్పిన 90 డాలర్లు నేను మిగిల్చాను.

మా అబ్బాయి చెప్పిన క్వార్ట్జ్ ఉపాయం ఈ సూత్రానికి సరిగ్గా తలకిందులు. తిరిగేదాన్ని పారేసి కనిపించేదాన్ని ఉంచుకోవడం. నికెల్ డొప్ప ఆ కంపెనీ వేలల్లో పోసింది. తాతగారి జేబులో గంటకి 18,000 సార్లు, రోజుకి 4,32,000 సార్లు టిక్కుమన్నది లోపలున్న మిషను. దాన్ని తీసి పారేశాక మిగిలేది తాతగారి గడియారం కాదు, దాని ఫొటో.

మరి అన్ని గడియారాల్నీ నడిపించాలా? అదీ లేదు. దీనికి మనమున్న ఈ దేశం కథలోనే జవాబుంది. కెప్టెన్ కుక్ 1769లో మొదటిసారి న్యూజిలాండ్ తీరానికొచ్చినప్పుడు ఓడలో నమ్మదగ్గ గడియారం లేదు. చంద్రుణ్ణి చూసి లెక్కలు కట్టుకోవలసి వచ్చింది. రెండో యాత్రలో, 1772 నుంచి 1775 దాకా, ఆయన వెంట లార్కమ్ కెండాల్ చేసిన గడియారం ఉంది. చూడ్డానికి పెద్ద జేబు గడియారం. జాన్ హారిసన్ చేసిన నాలుగో గడియారానికి నకలు. ఖరీదు 450 పౌండ్లు, ఆ రోజుల్లో పెద్ద మొత్తమే. సముద్రం మీద రేఖాంశం చెప్పడానికి జేబు గడియారం లాంటి వస్తువు చాలని ఆ యాత్రతో రుజువైంది. హారిసన్ అసలు గడియారాలు నాలుగూ తరవాత నిర్లక్ష్యంలో తుప్పుపట్టాయి. 1920 నుంచి రూపర్ట్ గూల్డ్ అనే నౌకాదళ ఆఫీసరు, వాచీమేకరు కూడా కాదు, పూనుకుని ఏళ్ల తరబడి కూర్చుని వాటిని లేపి నిలబెట్టాడు. ఇవాళ గ్రీనిచ్‌లో మొదటి మూడూ నడుస్తాయి. నాలుగోదాన్ని మాత్రం కావాలనే ఆపి ఉంచారు. దానికి నూనె కావాలి, నడిచేకొద్దీ అరుగుతుంది, అరిగితే అలాంటిది లోకంలో ఇంకోటి లేదు.

ఇందులో మనకి పనికొచ్చే నీతి మనం మామూలుగా అనుకునే దానికి ఎదురుగా ఉంటుంది. అపురూపమైనదాన్ని ఆపి ఉంచాలి. మామూలుదాన్నే నడిపించాలి. మీ ఇంట్లోది చరిత్రలో ఒక్కటే ఒక్క గడియారమైతే మ్యూజియానికి రాయండి. కాకపోతే, అది అద్దాల పెట్టెలో మఖమలు గుడ్డ మీద పడుకోవలసిన వస్తువు కాదు. నడవడానికి పుట్టిన పనిముట్టు. హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలో గంటగంటకీ చిన్న గడ్డపు మనిషి బయటికొచ్చి గంట కొట్టే గడియారం ముందు జనం గుమిగూడతారు కదా. మ్యూజియం నిండా అంతకన్నా ఖరీదైన వస్తువులున్నాయి. జనం మాత్రం కుర్చీలు వెతుక్కుని కూర్చునేది కదిలే వస్తువు ముందే. దాన్ని ఎవరో చూసుకుంటున్నారు కనక అది కదులుతోంది.

కాబట్టి పాడైన గడియారం చేతికొస్తే నన్నడిగితే చెప్పేది ఇది. మొదట మిషను చూపించండి. "కీ ఎక్కువిచ్చి పాడుచేశారు" అన్న మాట నమ్మకండి. కీ పూర్తిగా ఇవ్వడానికే స్ప్రింగు ఉన్నది. కీ బిగిసి గడియారం కదలకపోతే చాలాసార్లు నూనె గడ్డకట్టడమో, ఏదో విరగడమో కారణం. స్ప్రింగు విరిగితే చిన్న ఖర్చు. ఇరుసు విరిగితే పెద్ద ఖర్చు, అయినా అయ్యే పనే. హెయిర్ స్ప్రింగుకి తుప్పు పట్టి, చక్రాల పళ్లు కూడా తినేసి ఉంటే మాత్రం ఆలోచించండి. ఇక్కడో తమాషా ఉంది. చేత్తో చేసిన పాత ఇంగ్లీషు గడియారాల కన్నా, అమెరికాలో వాల్తమ్, ఎల్జిన్ కంపెనీలు మిషన్ల మీద లక్షలకొద్దీ చేసినవి బాగుచెయ్యడం సులువు. ఒకదాని ముక్క ఇంకోదానికి సరిపోయేట్టు చెయ్యడమే వాళ్ల గొప్ప. పాడైన జోడు ఒకటి కొంటే విడిభాగాలు దొరుకుతాయి, మిషను మీది నంబరుని బట్టి ఏ కాలంలో చేసిందో కూడా తెలుస్తుంది. ఇంకో జాగ్రత్త: అంకెల మీద పసుపు పచ్చగా పాత మెరుపు పూత ఉంటే మీరు విప్పి గీకకండి. ఆ రోజుల్లో అందులో రేడియం వేసేవారు. మెరుపు పోయినా రేడియం పోదు.

రెండోది, అది ఎవరిదో మీకు తెలుసా? పేరు, ఊరు, చేసిన పని, కొన్న ఏడు. తెలిస్తే ఇవాళే కాగితం మీద రాసి గడియారంతో పాటు ఉంచండి. ఇది దమ్మిడీ ఖర్చు లేని బాగుచేత, అన్నింటికన్నా ముందు చెయ్యాల్సింది కూడా. తాతల పేర్లు తెలిసినవాళ్లు పోతే ఏ వాచీమేకరూ ఆ ముక్క తయారుచెయ్యలేడు.

మూడోది అసలైన ప్రశ్న. రోజూ దీనికి కీ ఇచ్చేది ఎవరు? నడిచినా నడవకపోయినా లోపలి నూనె కొన్నేళ్లకి ఆరిపోతుంది. అంటే బాగుచేయించి సొరుగులో పెడితే, ఐదారేళ్లకి మళ్లీ మొదటికొస్తారు. 680 డాలర్లు పెట్టి బాగుచేయించి సొరుగులో పడేసేవాడికన్నా పాతసామాన్లవాడికి ఇచ్చేసినవాడే నయం అంటాను. వాడి దగ్గర్నించి కొనుక్కున్న ఏ పిచ్చివాడైనా దానికి కీ ఇస్తాడేమో. కీ ఇచ్చేవాళ్లు ఎవరూ లేకపోతే బాగుచేయించకండి. ఉన్నది ఉన్నట్టుగా, ఆగిన ముల్లుతోనే, పేరు రాసిన కాగితంతో ఉంచండి. లేదా కీ ఇచ్చేవాళ్లకి ఇచ్చెయ్యండి. అది పెద్దలకి అపచారమేమీ కాదు.

ఈ మూడో ప్రశ్న నా మీద వేసుకుంటే జవాబు తేలిగ్గానే వచ్చింది. నేను పొద్దున ఆరున్నరకి రైలెక్కేవాణ్ణి. ఫోను చూసుకుంటాను. ఒక వారం కీ ఇస్తాను, రెండో వారం మర్చిపోతాను. గ్రూపులో నోరెత్తని అక్కకి ఫోన్ చేశాను. ఇప్పటికీ విజయవాడలోనే ఉంటుంది. చిన్నప్పుడు తాతగారి పక్కలో పడుకునేది. "ఆయన రాత్రి భోజనమయ్యాక కీ ఇచ్చేవారురా. నేను లెక్కపెట్టేదాన్ని" అంది. "మరి గ్రూపులో ఎందుకు మాట్లాడలేదే?" అంటే, "మీ బావగారు లెక్కలు చెప్తుంటే నేనేం చెప్పను?" అంది. ఇరుసు కొత్తది చేయించి, నిమిషాల ముల్లు ఇంకో పాత వెస్ట్ ఎండ్ నించి తెప్పించి, నడిచే గడియారాన్ని ఆమెకే పంపాను. డబ్బు పెట్టింది నేను, వస్తువు ఆమె దగ్గర. ఈ లెక్క బావగారికి ఇప్పటికీ కొరుకుడు పడలేదు.

ఇంకో అభ్యంతరం మిగిలింది. ఇది కాస్త పెద్దమనిషి తరహాది. "వస్తువుల మీద ఇంత మమకారం ఎందుకయ్యా? పోయినవాళ్లు పోయారు. ఆ డబ్బు ఏ పేదపిల్లవాడి ఫీజుకైనా కట్టు." ఫీజు కట్టాల్సిందే, కాదనను. కానీ ఈ మాట ఫోను కొన్నప్పుడు గుర్తురాదు, క్రూయిజు టిక్కెట్టు కొన్నప్పుడు గుర్తురాదు. తాతగారి గడియారం దగ్గరే పేదపిల్లవాడు ఎందుకు జ్ఞాపకమొస్తాడు? ఇక వైరాగ్యం సంగతంటారా, ఏడాదికో కొత్త వస్తువు కొనేవాడు పాతదాన్ని పారేస్తే దాన్ని వైరాగ్యం అనరు. చోటు ఖాళీ చేసుకోవడం అంటారు.

మేమున్న పాపటోయిటోయిలో పాత చెక్క రైల్వేస్టేషను ఉంది. కొత్త స్టేషను వచ్చాక దాంతో రైళ్లకి పనిలేకపోయింది. పాత చెక్కకి ఏం ధరొస్తుంది? అయినా ఊరివాళ్లు దాన్ని పడగొట్టనివ్వకుండా చోటు మార్పించి నిలబెట్టుకున్నారు. ఈ ఊళ్లో ఇవాళ భారతీయులం చాలామందిమి ఉన్నాం. అది మన తాతలు కట్టింది కాదు. కానీ దాని పక్కనించి రోజూ పోతూ, ఎవరి తాతల స్టేషన్నో వాళ్లు నిలబెట్టుకున్న తీరు చూసి ముచ్చటపడుతూ, మన ఇంటి బీరువాలోదాన్ని మాత్రం తూకానికి వేస్తే, అది మనం ఆలోచించుకోవలసిన సంగతి.

వలస వచ్చేవాడు అన్నీ మోసుకురాలేడు. 23 కిలోల పెట్టెలు రెండు. ఏది ఉంచుకోవాలి, ఏది వదులుకోవాలి అన్నది మనకి నిత్యం ఎదురయ్యే ప్రశ్నే, కాబట్టి అన్నీ ఉంచుకోమని నేననను. వదులుకునేటప్పుడు నిజమైన కారణం చెప్పండి చాలు. "నాకు తీరిక లేదు" అనండి. "నాకు ఆయన జ్ఞాపకం లేదు" అనండి. "కీ ఇచ్చేవాళ్లు ఎవరూ లేరు" అనండి. అవన్నీ మర్యాదైన కారణాలే. "గిట్టదు" అని మాత్రం అనకండి. మిమ్మల్ని ఎత్తుకుని ఆడించినప్పుడు ఆయన ఆ లెక్క వెయ్యలేదు.